తెరచాప ఓడ ఎక్కబోతున్న స్వాతికి

చిరంజీవి సౌభాగ్యవతి స్వాతికి, పెద్దమ్మ ఆశీస్సులు.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పాత తెరచాప ఓడ ఎక్కి మూడు రాత్రులు తిరిగి రావాలనుకుంటున్నామని, మీ అత్తగారినీ మామగారినీ కూడా తీసుకెళ్లొచ్చా అని అడిగావు. మీరిద్దరూ తప్పకుండా వెళ్లండి. వాళ్లను మాత్రం తీసుకెళ్లొద్దు. గదిలోకి దిగాలంటే నిచ్చెనలాంటి మెట్లు, వాటి వైపు ముఖం పెట్టి వెనక్కి వెనక్కి దిగాలి. చాలా ఓడల్లో అర్ధరాత్రి బాత్‌రూమ్ కోసం ఆ మెట్లే ఎక్కి డెక్ మీదకు రావాల్సి ఉంటుంది. ఆ బాత్‌రూమ్ కూడా అందరిదీ. మోకాళ్ల నొప్పులున్న మనిషికి అది విహారం కాదు, శిక్ష. అక్కడే కామ్‌డెన్ ఊరి రేవులో రెండు గంటలు తిప్పి దింపే చిన్న తెరచాప పడవలున్నాయి, పెద్దవాళ్లకు అవి హాయి.

నువ్వు దీన్ని ఫ్లోరిడా క్రూజ్‌లా ఊహించుకుంటున్నావేమోనని నా అనుమానం. ఇక్కడ ఇరవై, పాతిక మంది ప్రయాణికులే. రేపు ఏ దీవి దగ్గర లంగరు వేస్తారని అడిగితే కెప్టెన్ నవ్వుతాడు. గాలినీ, ఆటుపోట్లనూ చూసుకుని ఆ పూటకాపూట నిర్ణయిస్తాడు. మీ ఆయనకు గంటగంటకూ ప్రోగ్రాం ఉండాలి కదా, ముందే చెప్పి ఒప్పించు.

స్టీఫెన్ టేబర్, లూయిస్ ఆర్. ఫ్రెంచ్ అని రెండు ఓడలున్నాయి. రెండూ 1871లో నీళ్లలోకి దిగినవే, సరుకులు మోసి బతికినవే. లారీలొచ్చాక ఇలాంటి ఓడలకు పని పోయింది. 1936లో ఫ్రాంక్ స్విఫ్ట్ అనే కెప్టెన్ కామ్‌డెన్ నుంచి మేబుల్ అనే ఓడలో, సరుకు బదులు సెలవులకొచ్చిన జనాన్ని ఎక్కించడం మొదలుపెట్టాడు. ఈ వ్యాపారం అక్కడ పుట్టింది. ఈ రెండు ఓడల్లోనూ ఇంజిన్ లేదు. గాలి పడిపోతే చిన్న మోటారు పడవ వెనక ముక్కు ఆనించి నెడుతుంది. ఇంజిన్ ఉంటేనే ధైర్యం అనుకుంటే, 1930లో గ్లాస్టర్‌లో చేపలవేటకు కట్టిన అమెరికన్ ఈగిల్ ఉంది. నన్నడిగితే ఇంజిన్ లేనిదే ఎక్కమంటాను. మోటారు రొద వినాలంటే ఇంత దూరం పోవడం దేనికి?

మీ అమ్మ టెన్షన్ పడుతోందని తెలుసు. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన పడవ ప్రమాదం చూశాక రాజమండ్రి మనిషి పడవంటే భయపడటంలో తప్పులేదు. ఈ ఓడలను కోస్ట్ గార్డ్ తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇస్తేనే నడుపుతారని, రాత్రిళ్లు ప్రయాణం ఉండదని, ఏదో ఒక మరుగున లంగరు వేసుకుంటారని చెప్పు. ఈ ఓడలు తిరిగే పెనాబ్‌స్కాట్ బే అనే అఖాతం నిండా దీవులే కాబట్టి పెద్ద అలలు తక్కువ. అయినా కడుపులో తిప్పే అలవాటుంటే మాత్ర ఓడ కదలకముందే వేసుకో. వాంతి మొదలయ్యాక వేసుకుని లాభం లేదు.

తెరచాప ఎత్తే పనికి మిమ్మల్నీ పిలుస్తారు. బలవంతమేమీ లేదు, కానీ వెళ్లు. ప్రధాన తెరచాప పైఅంచున బరువైన దూలం ఉంటుంది. దాని రెండు కొసలకూ రెండు మోకులు. ఓడకు అటు ఒక వరుస, ఇటు ఒక వరుస నిలబడి లాగుతారు. రెండు వైపులా సమంగా లాగితేనే దూలం అడ్డంగా, తిన్నగా లేస్తుంది. మొదట తేలిగ్గానే వస్తుంది. సగం లేచాక బరువు తెలుస్తుంది. అరచేతులు మండుతాయి, పక్కన ఎవరున్నారో కూడా చూడవు. చివర్లో దూలం కొస వాలుగా పైకి లేచి, చాప గాలి పట్టుకుని ఒక్కసారిగా బిగుసుకుంటుంది. మోకును చేతికి చుట్టుకోవద్దు, ఎంత బరువైనా సరే. పట్టుకోమంటే పట్టుకో, వదలమనేదాకా వదలొద్దు. చున్నీ ఇంట్లో పెట్టి రా.

తిండికి లోటుండదు. చాలా ఓడల్లో కట్టెల పొయ్యి మీదే రొట్టెలూ పైలూ చేస్తారు. మేం శాకాహారులమని బుకింగప్పుడే చెప్పండి. ఒకపూట దీవి ఒడ్డున సముద్రపు నాచు కప్పి లాబ్‌స్టర్లు ఉడికిస్తారు, ఆ పూట మీకేం పెడతారో కూడా అడుగు. కారప్పొడి చిన్న డబ్బా ఒకటి వేసుకో. పచ్చడి సీసా వద్దు, పక్కమీద ఒలికితే ఆ వాసనతో మూడు రాత్రులు పడుకోవాలి.

గట్టి సూట్‌కేసు పెట్టడానికి చోటుండదు, మెత్తటి సంచిలో సర్దుకోండి. జూలైలో కూడా స్వెట్టరూ రెయిన్‌కోటూ కావాలి. టిప్పు కోసం నగదు ఉంచుకో. జూన్, జూలైల్లో పొగమంచు ఎక్కువ, ఒక్కోసారి ఓడ ముక్కు కూడా కనపడదు. సెప్టెంబర్ మొదట్లో వెళ్తే ఆకాశం తేటగా ఉంటుంది, రాత్రిళ్లు చలిగా ఉన్నా సరే. చాలా ఓడలు ముందురోజు సాయంత్రమే ఎక్కించుకుంటాయి. ఆ రాత్రి భోజనం ఓడలో ఉంటుందో లేదో కనుక్కో.

ఇంకొకటి. బుక్ చేసేటప్పుడు గదుల పటం పంపమను. వంటగది పక్క గది తీసుకోవద్దు, వంటమనిషి తెల్లారకముందే లేచి పొయ్యి రాజేస్తాడు. ముందువైపు చివరి గదీ వద్దు, లంగరు గొలుసు గోల అంతా అక్కడే. పటం రాగానే నాకు వాట్సాప్‌లో పంపు, ఏది తీసుకోవాలో చెప్తాను.

ఇట్లు,
పెద్దమ్మ