చిప్స్ దింపడానికి జాకీ కావాలా?

బండి – బాడీ: పాఠకుల ప్రశ్నలకు గాజువాక ఆటోనగర్ బాడీ మేస్త్రి జవాబులు

ప్రశ్న: తగరపువలస దగ్గర మాకు నాలుగెకరాల కొబ్బరి, మామిడి తోట ఉంది. చెట్ల మొదళ్లలో పరవడానికి పెందుర్తి వైపు నుంచి సరుగుడు, నీలగిరి కొమ్మల చిప్స్ (మిషన్‌లో తరిగిన చెక్క ముక్కలు) తెచ్చుకుంటున్నాం. వారానికి రెండు ట్రిప్పులు. ఎనిమిదేళ్ల బొలెరో పికప్ మాది. అక్కడ మిషనే నింపుతుంది గానీ, ఇక్కడ దింపడానికి ఇద్దరికి గంటన్నర పడుతోంది. ఒక వెల్డింగ్ షాపు వాళ్లు పాత టిప్పర్ జాకీ బిగించి తొట్టి లేచేలా చేస్తామంటున్నారు. చిప్స్ తేలికే కాబట్టి పక్కలకు నాలుగడుగుల ఎత్తు ప్లైవుడ్ కూడా కడతారట. చేయించుకోవచ్చా అన్నగారూ?

జవాబు: బాబూ, ముందు ఆ ప్లైవుడ్ సంగతి చూద్దాం. చిప్స్ తేలికన్నది పిడికిట్లో పట్టుకున్నప్పటి మాట. మీ తొట్టి పొడవు సుమారు తొమ్మిదడుగులు, వెడల్పు ఐదున్నర. నాలుగడుగుల ఎత్తుకు నింపితే దాదాపు 200 ఘనపుటడుగులు, అంటే ఐదున్నర క్యూబిక్ మీటర్లు. పచ్చి కొమ్మల చిప్స్ క్యూబిక్ మీటరుకు 300 నుంచి 400 కిలోలు తూగుతాయి. అంటే లోడు 1,700 కిలోలకు తగ్గదు, వాన పడి తడిస్తే రెండు టన్నులు దాటుతుంది. మీ ఆర్‌సీ తీసి, అందులోని మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేసి చూడండి. మీ తరహా పికప్‌లకు మిగిలేది టన్నుంపావు చుట్టుపక్కల ఉంటుంది. ఆ లెక్కన రెండున్నర అడుగుల ఎత్తే మీ హద్దు. జాకీ, దాని కింద ఫ్రేము, పంపు కలిసి రెండు మూడు వందల కిలోలు తినేస్తాయి కాబట్టి, జాకీ పెట్టాక ఆ హద్దు రెండడుగులకు దిగుతుంది. ప్రతి ట్రిప్పులో అరడుగు సరుకు జాకీకి ఇచ్చేసినట్టే. నా మాట నమ్మకపోయినా సరే, ఒక్కసారి దారిలో కాటా వేయించండి.

వారానికి రెండు ట్రిప్పులకు జాకీ అక్కర్లేదు. ఇది నా గట్టి అభిప్రాయం. ఆ గంటన్నరను పావుగంట చేసే ఉపాయం ఉంది. ఫిషింగ్ హార్బర్‌లో ట్రాలర్ బోట్ల పాత వల ముక్కలు దొరుకుతాయి. సన్న కన్నులది, గట్టిది చూసి తెచ్చుకోండి. తొట్టి అడుగున నున్నటి జీఐ షీటు గానీ పాత ఫ్లెక్సీ గానీ పరవండి, దాని మీద వల పరవండి. వల ముందు అంచును క్యాబిన్ వైపు డాలా (తొట్టి అంచు పలక) మీదికి లాగి పెట్టి, ఆ రెండు మూలలకు చెరో లావు తాడు కట్టండి. చిప్స్ నింపాక ఆ తాళ్లను లోడు మీదుగా వెనక్కి తెచ్చుకోండి. తోటలో వెనక డాలా తీసి, రెండు తాళ్లనూ కలిపి ముదురు వేపచెట్టు మొదట్లో కట్టి, బండిని ఫస్ట్ గేరులో మెల్లగా ముందుకు పోనివ్వండి. వల ముందు నుంచి చుట్టుకుంటూ వచ్చి లోడును వెనక్కి నెట్టేస్తుంది. ఒకేసారి బరువనిపిస్తే రెండు వలలు వేసి, వెనక సగం ముందు, ముందు సగం తర్వాత లాగండి. లేత కొబ్బరి మొక్కకు కట్టకండి, వేళ్లతో సహా వస్తుంది. తాడు బిగిసి ఉన్నంతసేపు దాని దరిదాపుల్లో ఎవరూ నిలబడకూడదు. తెగిన తాడు కొరడాలా వస్తుంది.

రేపు మీరు చుట్టుపక్కల తోటలకు కూడా రోజూ తోలే వ్యాపారం పెట్టుకుంటే అప్పుడు జాకీ గురించి ఆలోచించవచ్చు. అప్పుడైనా పాత టిప్పర్ జాకీ వద్దు. ఎండు ఇసుక 35 డిగ్రీలకే జారిపోతుంది. చిప్స్ ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంటాయి, 45 నుంచి 50 డిగ్రీలు లేస్తే గానీ కదలవు. వేరే బండి కొలతకు చేసిన జాకీ మీ తొట్టిని అంత ఎత్తుకు లేపుతుందన్న నమ్మకం లేదు. బలానికైతే కొరత ఉండదు, మూడంగుళాల సిలిండరు 150 బార్ ఒత్తిడి మీద ఆరున్నర టన్నులకు పైగానే నెడుతుంది. 12 వోల్టుల పంపు మాత్రం 200 ఆంపియర్ల దాకా లాగగలదు, కాబట్టి లావు కేబులు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు తప్పనిసరి.

తొట్టి వెనకవైపు ముందుకంటే ఒక అంగుళం వెడల్పు ఉండేలా కట్టించండి. ఆ ఒక్క అంగుళం వల్ల లోడు బిగుసుకోకుండా వదులుగా జారుతుంది. వెనక డాలా కీళ్లు పైన ఉండాలి. చాసీ (బండి అడుగు చట్రం) పట్టాల పై అంచుకు గానీ కింది అంచుకు గానీ చిల్లు వేయనివ్వకండి, వెల్డింగ్ పెట్టనివ్వకండి. బరువు తాలూకు లాగుడంతా ఆ అంచుల మీదే ఉంటుంది. వెల్డింగ్ చేసిన చోటి నుంచే బీట మొదలవుతుంది. విడిగా ఛానల్ ఫ్రేము చేసి, యూ బోల్టులతో, ప్లేట్లతో బిగించాలి. బండి మీద ఏ వెల్డింగ్ చేసినా ముందు బ్యాటరీ నెగటివ్ తీయించండి.

ఇక ఈ మాట నా షెడ్డులో జరిగినదాన్ని బట్టి చెబుతున్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి ఊళ్లో చెట్లన్నీ పడిపోయాక, కొమ్మలు తోలడానికి జనం దొరికిన బండికల్లా జాకీలు పెట్టించారు. అలాంటి బండి ఒకటి నూనె కారుతోందని నా దగ్గరికి వచ్చింది. తొట్టి పైకి లేపి మా కుర్రాడు కింద దూరి కప్లింగ్ విప్పుతున్నాడు. పానా జారి బయటికి పడితే తీసుకోవడానికి పక్కకు జరిగాడు. అంతలో జాకీకి నూనె పంపే హోస్ పగిలింది. తొట్టి పడిన చప్పుడుకు పక్క షెడ్డు వాళ్లు కూడా పరుగెత్తుకొచ్చారు. వాడు అప్పటిదాకా కూర్చున్న చెక్క పీట చాసీకీ తొట్టికీ మధ్య అప్పడంలా అయిపోయి ఉంది. వాడి చేతిలో పానా అలాగే ఉంది, నోట మాట రాలేదు. ఆరోజు నుంచి చాసీకి కీలు వేసిన ఇనుప ఊతకర్ర లేకుండా ఏ టిప్పర్ తొట్టీ నా షెడ్డు దాటలేదు. జాకీ ఎంత కొత్తదైనా సరే, ఊతకర్ర నిలబెట్టకుండా తొట్టి కింద చెయ్యి కూడా పెట్టకండి.

మీది మెత్తటి నేల కదా, ఒకవైపు చక్రం దిగబడితే లేచిన తొట్టితో బండి పక్కకు ఒరిగిపోతుంది. గట్టి నేల మీదే లేపండి. తోటలో మోటారుకు వెళ్లే వైర్లు ఎంత కిందికి వేలాడుతున్నాయో ముందే చూసుకోండి. లోడు అంటుకుపోయిందని తొట్టి పైకి లేపి ఉంచి, బండిని ముందుకు ఉరికించి సడన్ బ్రేక్ కొడుతుంటారు కొందరు. అది చేయొద్దు.

చట్టం కూడా తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ఓవర్‌లోడుకు వేరేగా 20,000, ఆపైన అదనపు టన్నుకు 2,000. కాబట్టి వెల్డింగ్ షాపుకు అడ్వాన్సు ఇవ్వకముందే ఆర్‌టీఓ ఆఫీసుకు వెళ్లి, ఏం మార్చాలనుకుంటున్నారో కాగితం మీద రాసిచ్చి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు నోటితో సరే అన్నారన్నది రేపు ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) రోజున పనికిరాదు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్ల దగ్గర అసలే పనికిరాదు.

ప్రశ్న: అనకాపల్లి నుంచి రాస్తున్నాను. నా టాటా ఏస్‌లో చిప్స్ లోడు రాత్రి బరకం కప్పి ఉంచాను. తెల్లారి బరకం తీస్తే పొగలు! నిప్పంటుకుందేమోనని టెన్షన్ పడ్డాను. ఎందుకలా?

జవాబు: అది పొగ కాదు, ఆవిరి. పచ్చి చిప్స్‌ను కుప్పగా వేసి గాలాడకుండా కప్పితే లోపల సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి. పేడకుప్ప వేడెక్కినట్టే ఇదీ వేడెక్కుతుంది. పెద్ద కుప్పలైతే నడిమధ్యలో 60 డిగ్రీలు దాటడం కూడా మామూలే. ఒక్క రాత్రికి మంట రాదు. కానీ ఆ తేమ, వేడి మీ తొట్టి రేకును అడుగు నుంచి తినేస్తాయి. ఏ రోజు లోడు ఆ రోజే దింపి, అడుగున మిగిలిన పొట్టు ఊడ్చేయండి. మూలల్లో కూరుకుపోయిన దాన్ని పుల్లతో తీయండి, తుప్పు మొదలయ్యేది అక్కడే. చెట్లకు వేసేటప్పుడు మూడు నాలుగంగుళాల మందంగా పరిచి, మొదలు చుట్టూ జానెడు ఖాళీ వదలండి.