గిరి ప్రదక్షిణ సంగతి తర్వాత చూద్దాం

చిరంజీవి చిన్నాకి అత్తయ్య ఆశీస్సులు.

తుంటి కీలు మార్పిడికి ఒప్పుకున్నావని వదిన ఫోనులో చెప్పగానే నీ ధైర్యానికి మురిసిపోయాను. ఆపరేషనుకు ముందు సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తావని ఆ నోటితోనే చెప్పింది, గుండె గుభేలుమంది. 32 కిలోమీటర్లు, ఆ కాలితో! కొండమీదికి బస్సుంది. దర్శనం చేసుకుని రా, అప్పన్న ఏమీ అనుకోడు.

బరువు తగ్గు. చేతికర్ర నొప్పి లేని వైపు చేత్తో పట్టుకో.

మీ మామయ్య సంగతి మాత్రం వివరంగా రాయాలి. ఆయనకు నొప్పి మోకాలిలో తెలిసేది. మోకాలికే ఎక్స్‌రే, మోకాలికే తైలం, మోకాలికే పట్టీ. తుంటి అరిగితే నొప్పి గజ్జలో, తొడ ముందు భాగంలో వస్తుందని, ఒక్కోసారి మోకాలిలోనే తెలుస్తుందని ఎవరికీ తట్టలేదు. ఈలోగా కాలి గోళ్లు తీయమని మనవరాలిని పిలవడం మొదలుపెట్టారు. ప్యాంటు మానేసి లుంగీలోకి వచ్చారు. తుంటి వంగక అలా చేస్తున్నారని తెలియక, రిటైరయ్యాక సుఖం మరిగారని నవ్వుకున్నాం. చివరికి ఒక ఫిజియోథెరపీ అమ్మాయి ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు మడిచి, పాదాన్ని బయటికి తిప్పగానే కేక పెట్టారు. తుంటి ఎక్స్‌రే తీస్తే కీలు మధ్య సందే లేదు, గుజ్జంతా అరిగిపోయింది. అప్పటికే మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్రలు మింగీ మింగీ కిడ్నీలు దెబ్బతిని, రక్తంలో క్రియాటినిన్ పెరిగింది. కిడ్నీలు కుదుటపడేదాకా ఆపరేషను వాయిదా. ఆలోగా తొడ కండ కరిగిపోయింది, తర్వాత నడక రావడానికి నానా అవస్థ పడ్డారు.

నీ బీరువాలో ఉన్న మాత్రల అట్టల సంగతి నాకు తెలుసు. డాక్టరుకు చూపించు, సిగ్గుపడకు.

ఎక్స్‌రే ఒక్కటే చూసి ఎవరూ కీలు మార్చరు. వ్యాయామం, మందులు వాడినా రాత్రి నొప్పికి నిద్ర పట్టడం లేదంటే, వీధి చివరికి కూడా నడవలేకపోతుంటే అప్పుడే మారుస్తారు. నీకు రెండూ వచ్చాయి. 54 ఏళ్లకేనా అని బెంగ వద్దు. మార్చిన తుంటుల్లో పాతికేళ్లు నిలుస్తున్నవి నూటికి దాదాపు 58 అని 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. నీ వయసుకు మరోసారి మార్చాల్సి రావచ్చు, అది ముందే అడిగి తెలుసుకో.

పంటి చీము ఉంటే ఇప్పుడే నయం చేయించుకో, ఆ క్రిములు కొత్త కీలుకు చేటు. ఇంట్లో కమోడు పెట్టించు. నేలమీద పీట వేసి అన్నం పెట్టొద్దని కోడలికి చెప్పు. తేదీ ఖరారు కాగానే ఫోను చెయ్యి. వంటకు నేనొస్తాను, నీకిష్టమైన పనసపొట్టు కూర చేస్తాను.

మీ అత్తయ్య
విశాఖపట్నం