విలియం తండ్రి ఎవరో తేలకముందే చాప్టర్ రాసేసిన సింధుకి

చిరంజీవి సింధూ,

నువ్వు పంపిన మొదటి చాప్టర్ రాత్రే చదివేశా, బాగుంది గానీ ఒకచోట ఆగిపోయా. మీ ముత్తాతకి తాత అయిన విలియం 1821లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసులో దిగాడు, సోల్జర్ల రిజిస్టర్‌లో వయసు 22, ఇంగ్లండులోని విల్ట్‌షైర్‌లో ఓ పల్లె, పని నేత అని ఉంది, ఇక్కడిదాకా ఓకే. ఆ తర్వాత ఆ పల్లె చర్చి రిజిస్టర్‌లో 1799లో ఒక విలియం కనబడగానే వాళ్ళమ్మనీ నాన్ననీ పట్టుకొచ్చి మగ్గం నేయించావు, గంజి కాయించావు, కొడుకు ఓడెక్కుతుంటే ఏడిపించావు కూడా. అంత తొందరేంటమ్మా?

నేనూ ఇదే పని చేసి దెబ్బ తిన్నా. నా నవలలో ఒకడికి ఇలాగే తల్లిదండ్రుల్ని కట్టబెట్టి అరవై పేజీలు రాశాక, ఏదో పనిమీద అదే పారిష్ (అంటే ఒక చర్చి కిందికొచ్చే ఊరు) ఖననాల పేజీలు తిప్పుతుంటే అదే ఏడు, అదే పేరు, పక్కన పాదిరి చేతిరాతలో ఇన్‌ఫెంట్ అనే ఒక్క మాట. పదకొండు వారాల పసివాడికి నేను మీసాలు మొలిపించి సైన్యంలో చేర్చానన్నమాట. చివరికి తేలిందేంటంటే నావాడు పక్క పారిష్‌లో పుట్టాడు. అందుకే చెప్తున్నా, బాప్టిజం దొరగ్గానే ముందు వాణ్ణి చంపడానికి ట్రై చెయ్యి, అంటే ఖననాల్లో వాడి పేరుందేమో వెతుకు, చావకపోతే అప్పుడు నీవాడేమో ఆలోచిద్దాం. ఇంకోటి, ఒక బిడ్డ పోతే తర్వాత పుట్టినవాడికి అదే పేరు పెట్టడం అక్కడ మామూలే, కాబట్టి ఒకే ఇంట్లో ఇద్దరు విలియంలు ఉంటే కంగారు పడకు.

ఈ చర్చి రిజిస్టర్లు 1538లో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆర్డరుతో మొదలయ్యాయి గానీ 1813 దాకా బాప్టిజంకి ఒక పద్ధతైన ఫారం లేదు, పాదిరికి ఓపికుంటే రెండు ముక్కలు ఎక్కువ రాసేవాడు, లేకపోతే తల్లిదండ్రుల పేర్లు గీకి వదిలేసేవాడు. 1813 నుంచి అచ్చు ఫారాలొచ్చాక తండ్రి పని, ఉండే చోటు కూడా రాయాల్సొచ్చింది. నీ విలియం దానికి ముందువాడు, మన దురదృష్టం. అయితే వాడి తమ్ముడో చెల్లెలో 1813 తర్వాత పుట్టుంటే వాళ్ళ ఎంట్రీలో తండ్రి నేతవాడని దొరకొచ్చు, ఆ దారిన వెళ్ళి చూడు. పుట్టిన తేదీకీ బాప్టిజం తేదీకీ మధ్య వారాలు, ఒక్కోసారి ఏళ్ళు కూడా ఉంటాయి, ఆ లెక్కన 1799 అని పట్టుకు కూర్చోకు, అటూ ఇటూ ఐదేళ్ళు చూడు. వాడి తాతల కాలానికి వెళ్తే ఇంకో తిరకాసు, 1752కి ముందు కొత్త ఏడు మార్చి 25న మొదలయ్యేది, 1740 ఫిబ్రవరి అని రాసుంటే మన లెక్కలో 1741.

గుమాస్తా రాసిందే వేదం అనుకోకు. షేక్‌స్పియర్ పెళ్ళి సంగతే తీసుకో, 1582 నవంబర్ 27న వూస్టర్ బిషప్ ఆఫీసు రిజిస్టర్‌లో పెళ్ళికూతురు ఆన్ వేట్లీ, మర్నాడు పెళ్ళికి పూచీగా రాసిన బాండులో ఆన్ హాథ్వే. ఒక్క రాత్రిలో ఇంటిపేరు మారిపోయింది! గుమాస్తా పొరపాటని చాలామంది సరిపెట్టుకున్నారు, కొందరు మాత్రం దాన్నుంచి రెండో ప్రియురాల్నే పుట్టించేశారు. కథకి భలే ఉంటుంది, నేనూ కాదనను, కానీ నువ్వు రాసేది మీ ఇంటి మనిషి గురించి. 1598 నుంచి ప్రతి ఏటా పారిష్ రిజిస్టర్ కాపీ బిషప్‌కి పంపాల్సి ఉండేది, రిజిస్టర్‌లో పేరు సరిగా కనబడకపోతే ఆ కాపీ కూడా తెప్పించి పక్కన పెట్టుకు చదువు, రెండింట్లో తేడా ఉంటే గొడవ అక్కడే ఉంది.

ఇక నువ్వు భయపడుతున్న సంగతి. పక్క పారిష్ రిజిస్టర్‌లో ఇంకో విలియం ఉన్నాడనీ, తండ్రి పేరు లేకుండా తల్లి పేరు ఒక్కటే ఉందనీ ఫోన్లో మెల్లిగా అన్నావు, వెంటనే మాట మార్చావు. నాకైతే ఎంతసేపూ ఆ ఖాళీయే కళ్ళముందు మెదులుతోంది. పెళ్ళికాని తల్లి బిడ్డని పోషించే ఖర్చు పారిష్ మీద పడుతుందని ఆ ఊరి పేదల అధికారులు ఆమెని మేజిస్ట్రేట్ ముందుకి తీసుకెళ్ళి తండ్రి ఎవరని అడిగించేవాళ్ళు, ఆమె పేరు చెప్తే వాడు వారానికి ఇంత కట్టాలని ఆర్డరో బాండో రాసేవాళ్ళు. ఆ కాగితాలు బతికుంటే ఇప్పుడు ఆ కౌంటీ (మన జిల్లా లాంటిది) రికార్డు ఆఫీసులో ఉంటాయి, చర్చి రిజిస్టర్‌లో వెతికితే దొరకవు. పిల్లవాడి పేరు మధ్యలో వింతగా ఏదైనా ఇంటిపేరు తగిలించి ఉందా అనేది కూడా చూడు, చాలాసార్లు అది తండ్రిదే అయ్యుంటుంది, అయితే రుజువు మాత్రం కాదు.

ఇప్పటికి ఆ తల్లిదండ్రుల సీన్లు తీసి పక్క ఫైల్లో పడెయ్, డిలీట్ చెయ్యకు. 1799 నుంచి 1821 దాకా రెండు ఊళ్ళ ఖననాలూ ఒక్క ఎంట్రీ కూడా వదలకుండా చదివి, ఏ విలియం మిగిలాడో నాకు ఫోన్ చెయ్యి. ఆదివారం ఇంట్లోనే ఉంటా, పదకొండు దాటాక అయితే మేలు.

మీ
మాష్టారు