90 రోజుల ప్యాకేజీకి సంతకం పెట్టాను, మా ఆయన్ను మధ్యలో తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: మాది కదిరి. పదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా ఆయనకు 44 ఏళ్లు, తాగుడు బాగా ముదిరింది. మా అన్నయ్య ఎవరినో కనుక్కుని ఒక డీఅడిక్షన్ సెంటర్‌కు ఫోన్ చేస్తే, రాత్రి పదకొండుకి వాళ్లే బండి తెచ్చి ఎక్కించుకుపోయారు. 90 రోజుల ప్యాకేజీ అని లక్షా ఇరవై వేలు ఒకేసారి కట్టించుకున్నారు. ఇంగ్లిష్ ఫారాల్లో వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేశాను. ఇప్పటికి 38 రోజులైంది. మొన్న మా ఆయన అక్కడి వంటాయన ఫోన్ నుంచి మాట్లాడారు. రోజూ ఉల్లిపాయలు తరిగిస్తున్నారట, ఇంక ఉండలేను, తీసుకుపో అని ఏడ్చారు. సెంటర్ వాళ్లను అడిగితే "గడువు కాకుండా పంపం, పేషెంట్ మాట లెక్కలోకి రాదు, డబ్బు వెనక్కి ఇవ్వం, మందుల బాకీ 18 వేలు కడితేనే పేపర్లు" అంటున్నారు. తెచ్చుకోవాలని ఉంది, తెస్తే మళ్లీ తాగుతారేమోనని భయమూ ఉంది. చట్టం ఏమంటుంది?
– ఒక సోదరి, బెంగళూరు

జవాబు: పేషెంట్ మాట లెక్కలోకి రాదు అన్నారు చూశారా, అక్కడే వాళ్లు తప్పులో కాలేశారు. ఇలాంటి చోట చట్టం మొదట అడిగేది పేషెంట్ మాటే.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా ఈ చట్టం కిందికే వస్తాయి. కాబట్టి మనుషుల్ని ఉంచుకుని మాన్పించే సెంటర్ రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో రిజిస్టర్ అయి ఉండాలి. కొందరు "మాది ఆసుపత్రి కాదండీ, ఆశ్రమం లాంటిది" అంటారు. నెలకు నలభై వేలు తీసుకునే ఆశ్రమం అన్నమాట. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే మొదటిసారే 5 వేల నుంచి 50 వేల దాకా జరిమానా పడుతుంది.

ఇప్పుడు మీరు ముందుగా చేయాల్సింది ఒక్కటే. ఆయన్ను ఏ పద్ధతిలో చేర్చుకున్నారో తేల్చుకోండి. చట్టంలో పెద్దవాళ్లకు మామూలుగా ఉన్నవి రెండు దారులు. మనిషి తనంతట తాను చేరడం ఒకటి. నిర్ణయం తీసుకునే స్థితిలో లేని మనిషిని, ఆయన తరఫు ప్రతినిధి కోరితే చేర్చుకోవడం రెండోది. విడిగా ఎవరినీ నియమించుకోకపోతే ఆ ప్రతినిధి స్థానం దగ్గరి బంధువులకు, అంటే మీకు వస్తుంది. ఫారంలో ఏ గడిలో టిక్కు ఉందో చూడండి, ఆ కాపీ తీసుకోండి. నేను వాదించిన ఒక కేసులో సెంటర్ రిజిస్టర్ తిరగేస్తే అందరి పేర్ల పక్కనా "స్వయంగా చేరారు" అనే ఉంది. గేటుకు మాత్రం రెండు తాళాలు.

మీ ఆయన స్వయంగా చేరినట్టు రాసి ఉంటే, 88వ సెక్షన్ ప్రకారం ఆయన వెళ్తానంటే వెంటనే డిశ్చార్జ్ చేయాలి. మీరు ఒప్పుకోవాల్సిన పని కూడా లేదు. తన నిర్ణయం ఏమిటో అర్థం చేసుకునే స్థితిలో లేరనో, తనకో పక్కవాళ్లకో హాని చేస్తారనో డాక్టర్‌కు అనుమానం ఉంటే, పరీక్ష కోసం 24 గంటలు ఆపవచ్చు. అంతకంటే కుదరదు.

మీ సంతకంతో చేర్చుకున్నట్టు ఉంటే లెక్క వేరు. 89వ సెక్షన్ ప్రకారం ఒక సైకియాట్రిస్టు, మరో మానసిక ఆరోగ్య నిపుణుడు లేదా డాక్టర్, ఇద్దరూ విడివిడిగా చూడాలి. చేర్చుకున్న రోజో, అంతకు ముందు ఏడు రోజుల్లోపో చూసి ఉండాలి. తనకు గానీ ఎదుటివాళ్లకు గానీ హాని తలపెట్టాడనో, తన సంగతి తాను చూసుకోలేక ప్రమాదంలో ఉన్నాడనో వాళ్లు తేల్చాలి. రాత్రి పదకొండుకి ఇంటికొచ్చిన బండిలో సైకియాట్రిస్టు ఉన్నాడా? ఇన్ని చేసినా గడువు 30 రోజులే. అది దాటి ఉంచాలంటే ఈసారి ఇద్దరు సైకియాట్రిస్టులు చూడాలి, ఇలాంటి చేరికలను పరిశీలించే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు తెలపాలి, బోర్డు అనుమతించాలి. మీ ఆయనకు 38 రోజులు దాటాయి. కాబట్టి గొడవేమీ పడకుండా ఒక్క మాట అడగండి: "30 రోజుల తర్వాత ఉంచడానికి బోర్డుకు పంపిన కాగితం చూపిస్తారా?" అప్పటిదాకా గట్టిగా మాట్లాడిన మేనేజర్ "సార్‌తో మాట్లాడి చెప్తాను మేడం" అనడం నేను చాలాసార్లు విన్నాను.

మీరు సంతకం పెట్టిన 90 రోజుల ఒప్పందం సంగతి. అది ఫీజుకు సంబంధించిన కాగితం మాత్రమే. చట్టం వద్దన్న పనిని చేయించే ఒప్పందం కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ప్రకారం చెల్లదు. మీ సంతకంతో ఆయన స్వేచ్ఛను ఎవరికీ రాసివ్వలేరు, భార్య అయినా సరే.

ఉల్లిపాయల విషయం చిన్నదిగా రాశారు గానీ, నాకు చిన్నదిగా అనిపించలేదు. అలాంటి చోట్ల పేషెంట్‌తో బలవంతంగా పని చేయించకూడదు, చేసిన పనికి తగిన డబ్బు ఇవ్వాలి అని మానసిక ఆరోగ్య చట్టం 20వ సెక్షన్‌లో రాసి ఉంది. ఫోన్ మాట్లాడటం, తనను చూడటానికి వచ్చినవాళ్లను కలవడం ఆయన హక్కు, వంటాయన దయ కాదు. ఆయన్ను కలిసినప్పుడు ఇంకొకటి కూడా నెమ్మదిగా అడగండి, కట్టేశారా అని. గొలుసులతో కట్టడాన్ని చట్టం ఏ రూపంలోనూ ఒప్పుకోదు.

పని ఇలా మొదలుపెట్టండి. "నేను డిశ్చార్జ్ కోరుతున్నాను" అని ఆయన చేత రెండు లైన్లు రాయించి, తేదీ, టైము వేయించండి. ఆయన్ను కలవనివ్వకపోతే, చేర్చినప్పుడు ఇచ్చిన అంగీకారాన్ని వెనక్కి తీసుకుంటున్నానని మీరే రాయండి. ఇది తప్పనిసరి. లేకపోతే పోలీసులు "మీరే కదమ్మా చేర్పించింది" అని పంపేస్తారు. రాసిన కాగితాన్ని సెంటర్‌కు మెయిల్‌లోనూ వాట్సాప్‌లోనూ పంపండి. 24 గంటలు దాటినా పంపకపోతే 112కి ఫోన్ చేయండి, స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. కన్నడ వచ్చిన పక్కింటివాళ్ల చేత రాయిస్తే పని త్వరగా అవుతుంది. అక్రమ నిర్బంధం భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షన్ కింద నేరం. పది రోజులు మించితే ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. సమీక్షా బోర్డుకు ఆయన గానీ మీరు గానీ దరఖాస్తు చేసుకోవచ్చు. రుసుము లేదు. ప్రత్యేక పరిస్థితుల్లో లోపల ఉన్న మనిషి ఫోన్లో చెప్పినా తీసుకునే అధికారం బోర్డుకు ఉంది. అన్నీ విఫలమైతే హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మని అడిగే పిటిషన్. లాయరును పెట్టుకోవడం కష్టమైతే 15100కి ఫోన్ చేయండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది.

ఇక డబ్బు. బాకీ నిజమే అనుకున్నా, దాని కోసం సివిల్ కోర్టుకు వెళ్లాలి గానీ మనిషిని తాకట్టు పెట్టుకోకూడదు. బిల్లు కట్టలేదని పేషెంట్‌ను ఆపడానికి వీల్లేదని 2017లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారు చేసిన రోగుల హక్కుల పత్రంలోనూ ఇది ఉంది. డాక్టర్ల వృత్తి నియమాల ప్రకారం, కోరిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. ఆ రోజు బయటపడటం కోసం 18 వేలు కట్టక తప్పకపోతే యూపీఐలో కట్టి, "అభ్యంతరంతో కడుతున్నాను" అని మెసేజ్ పెట్టండి. మిగిలిన రోజుల ఫీజు కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లవచ్చు. కట్టిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు ఉండదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు, మా పొట్ట మీద కొట్టే మాటైనా చెబుతున్నాను.

మీ భయం గురించి. మళ్లీ తాగుతారేమో, ఆ మాట కాదనలేను. అయితే ఆ భయానికి గేటు తాళం మందు కాదు. డిశ్చార్జ్ సమ్మరీ, ఏ మందు ఎంత మోతాదులో ఇస్తున్నారో రాసిన కాగితం లేకుండా బండి ఎక్కించకండి, ఎందుకంటే కొన్ని మందులు ఒక్కసారిగా ఆపకూడదు. ఇంటికి వెళ్లాక చికిత్స ఎలా అన్నది ఆయనతో, మీతో కూర్చుని మాట్లాడటం వాళ్ల సైకియాట్రిస్టు బాధ్యత. తర్వాత ఒకటి రెండు రోజుల్లో హోసూరు రోడ్డులోని కేంద్ర ప్రభుత్వ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కు తీసుకెళ్లండి. అక్కడ వ్యసన చికిత్సకు ప్రత్యేక విభాగం ఉంది, ఇంట్లో ఉంటూనే ఓపీలో చూపించుకోవచ్చు.

ఆయన కాస్త కుదుటపడ్డాక ఒక కాగితం రాయించండి. మళ్లీ పరిస్థితి చేయిదాటితే తనకు ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో, తన తరఫున ఎవరు నిర్ణయించాలో ముందే రాసి పెట్టుకునే హక్కును మానసిక ఆరోగ్య చట్టం 5వ సెక్షన్ ఇస్తోంది. అందులో మీ పేరు రాస్తారా, మీ అన్నయ్య పేరు రాస్తారా అన్నది ఆయన ఇష్టం.