12-0-12 ట్రాన్స్‌ఫార్మర్‌కి టీడీఏ7294 బోర్డు పెడితే సౌండ్ పెరుగుతుందా?

మీరు చెప్పింది ఇదీ: టీడీఏ2030 స్టీరియో బోర్డు (7294 లాగే ఇదీ యాంప్లిఫయర్ ఐసీ), 12-0-12 3 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్, 8 ఓమ్‌ల స్పీకర్లు రెండు. వాల్యూమ్ సగం దాటితే గొంతు పగులుతోంది, పాట ఆపినా గుయ్యిమంటోంది. బోర్డు ఒక్కటీ మార్చి 7294 పెడితే సరిపోతుందా అని.

సరిపోదండి. రవ్వంత తేడా కూడా తెలియదు. 12-0-12 నుంచి డీసీగా మారాక వచ్చేది ±16 వోల్టులు, లోడ్ పడితే 14, 15. అందులో ఐసీ రెండు మూడు వోల్టులు తనకే ఉంచుకుంటుంది. స్పీకర్‌కి దక్కే పీక్ 12 వోల్టులు. 12 ఇంటూ 12 బై 16 (8 ఓమ్‌లకి రెట్టింపు), అంటే 9 వాట్లు. 2030 పెట్టినా 7294 పెట్టినా లెక్క ఇదే. పైగా రెండింటి డేటాషీట్లలోనూ గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచాలో) తేల్చే రెసిస్టర్లు 22 కిలో ఓమ్‌లు, 680 ఓమ్‌లే. నాబ్ అక్కడే ఉంటే సౌండూ అంతే, గుయ్యి కూడా అంతే.

డబ్బు ముందు పెట్టాల్సింది ట్రాన్స్‌ఫార్మర్ మీద, 7294 బోర్డు దానితో కలిపి పెడితేనే ఉపయోగం. మీ 8 ఓమ్‌ల స్పీకర్లకి 22-0-22, 4 ఆంపియర్లది తీసుకోండి. లోడ్ మీద ±28 దాకా నిలబడుతుంది, ఒక్కో ఛానల్‌కి 35 నుంచి 40 వాట్లు వస్తాయి. షాపుల్లో 24-0-24 తేలిగ్గా దొరుకుతుంది గానీ, లోడ్ లేనప్పుడు అది ±37 చూపిస్తుంది. రాత్రిళ్లు మెయిన్స్ 250కి ఎక్కే చోట 40 అంచుకి పోతుంది. సిగ్నల్‌తో ఆ ఐసీ హద్దు ±40. రేపు 4 ఓమ్‌ల స్పీకర్లు కొనే ఆలోచన ఉంటే 18-0-18 దగ్గరే ఆగండి. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో కొంటున్నా ఇంకెక్కడ కొంటున్నా రాగి చుట్టినదా, అల్యూమినియందా అని అడిగి, చేతిలో బరువు చూసి తీసుకోండి. స్టిక్కర్ మీది ఆంపియర్లని నమ్మకండి.

ఇక్కడ చాలామంది మర్చిపోయేది ఒకటుంది. పాత సప్లైలో ఫిల్టర్ కెపాసిటర్లు సాధారణంగా 25 వోల్టులవి. కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌కి అవే ఉంచితే పేలతాయి. 10,000 మైక్రోఫారడ్, 50 వోల్టులవి ఒక్కో వైపుకి ఒకటి వేయండి. ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జ్ కేబీపీసీ3510 చాలు. ప్రైమరీలో (ట్రాన్స్‌ఫార్మర్ మెయిన్స్ వైపు) 2 ఆంపియర్ల స్లో బ్లో ఫ్యూజ్ పెట్టి, క్యాబినెట్‌ని మూడు పిన్నుల ప్లగ్ ఎర్త్‌కి కలపండి.

హీట్ సింక్ దగ్గర జాగ్రత్త. 7294 వెనక రేకు మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది, గ్రౌండ్‌కి కాదు. కరెంటు పారనివ్వని మైకా రేకు, ప్లాస్టిక్ వాషర్ లేకుండా బిగిస్తే హీట్ సింక్ మొత్తం మైనస్ 30 మీద ఉంటుంది, అది క్యాబినెట్‌కి తగిలిన క్షణమే షార్ట్. బిగించాక రేకుకీ సింక్‌కీ మధ్య మల్టీమీటర్ బీప్ కొట్టకూడదు. ఒక్కో ఐసీ 20 వాట్లకి పైగా వేడి వదలగలదు, కాబట్టి 2030కి వాడిన చిన్న రేకు పనికిరాదు. పాట మధ్యలో ఆగి కాసేపటికి దానంతటదే వస్తోందంటే ఐసీ వేడెక్కి మ్యూట్ అవుతోందని అర్థం. అసలే మోగకపోతే 9, 10 పిన్నులు చూడండి. రెండింటి మీదా 3.5 వోల్టులకి పైన ఉండాలి.

మొదటిసారి కరెంటు 60 వాట్ల సీరీస్ బల్బు (మెయిన్స్ వైరుకి వరుసలో కలిపినది) ద్వారానే ఇవ్వండి, మామూలు ఫిలమెంట్ బల్బు, ఎల్‌ఈడీ కాదు. ముందు సప్లై ఒక్కటే, తర్వాత స్పీకర్ లేకుండా బోర్డుతో. బల్బు ఒకసారి వెలిగి మసకబారాలి. అలాగే వెలుగుతూ ఉంటే ఎక్కడో షార్ట్. అవుట్‌పుట్‌లో డీసీ 50 మిల్లీవోల్టుల లోపుంటేనే స్పీకర్ కలపండి, అది కూడా స్పీకర్‌ని కాపాడే యూపీసీ1237 రిలే బోర్డు మీదుగా. సప్లైలో ఒక వైపు పోతే మిగిలిన వైపు వోల్టేజి తిన్నగా స్పీకర్ కాయిల్ మీదికే వస్తుంది.

ఇక గుయ్యి. ఇన్‌పుట్‌ని గ్రౌండ్‌కి షార్ట్ చేసి వినండి. ఆగితే తప్పు బయటి వైర్లది, లేదా వాల్యూమ్ పాట్ (నాబ్ వెనకుండే భాగం)ది: షీల్డ్ వైరు వాడండి, పాట్ బాడీని గ్రౌండ్ చేయండి. ఆగకపోతే లోపల గ్రౌండ్ దారి తప్పింది. సెంటర్ ట్యాప్ (ట్రాన్స్‌ఫార్మర్ మధ్య వైరు, 0) నేరుగా రెండు కెపాసిటర్లు కలిసే చోటికే రావాలి. అక్కడి నుంచి పొట్టి వైరుతో ఒక పాయింట్ తీసి స్పీకర్ల మైనస్‌లు, రెండు బోర్డుల గ్రౌండ్లు, ఇన్‌పుట్ గ్రౌండ్ విడివిడిగా ఆ పాయింట్‌కే తెచ్చి కలపండి. కెపాసిటర్ చార్జింగ్ కరెంటు ముద్దలు ముద్దలుగా, సెకనుకి వంద సార్లు పారుతుంది. ఆ దారిలో ఇన్‌పుట్ గ్రౌండ్ ఇరుక్కుంటే జుమ్మని గరుకుగా వినిపించేది అదే. గరుకు లేకుండా మెత్తగా, లోతుగా మూలుగుతుంటే అది 50 హెర్ట్జ్, ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంతం ఇన్‌పుట్ వైర్లని పట్టుకుంటోంది. అందుకే ట్రాన్స్‌ఫార్మర్‌కి బోల్టులు వెంటనే బిగించకండి. యాంప్ ఆన్‌లో పెట్టి, 230 వోల్టుల టెర్మినళ్లకి స్లీవ్ తొడిగాక, దాన్ని నెమ్మదిగా తిప్పుతూ వినండి. ఎక్కడ తగ్గితే అక్కడ గుర్తు పెట్టి, ప్లగ్ పీకి, అప్పుడు రంధ్రాలు వేయండి.