దానం చేశారు సరే, జీతాలిచ్చారా?

గత సంచికలో పెద్ద వ్యాపారవేత్తల విరాళాల గురించి నాలుగు ముక్కలు రాస్తే ఉత్తరాలు బాగానే వచ్చాయి. సగం మంది నన్ను డబ్బున్నవాళ్ళంటే పడదన్నారు, మిగతా సగం వాళ్ళకి భజన చేస్తున్నానన్నారు. కొన్నిటికి ఇక్కడ జవాబులు.

ప్రశ్న: ఒకాయన రిస్క్ తీసుకుని, నిద్ర మానుకుని కంపెనీ పెట్టాడు. పన్నులు కట్టాడు. మళ్ళీ సమాజానికి తిరిగివ్వాలంటారేంటండీ? తీసుకున్నది ఉంటే కదా తిరిగివ్వడానికి? (ఒక ఎంబీఏ విద్యార్థి)

పన్ను ఎగ్గొట్టకుండా, పనిచేసినవాళ్ళకి సరిగ్గా జీతాలిచ్చి, ఎవరి నేలా నీరూ పాడుచేయకుండా సంపాదించినవాడు పైసా విరాళం ఇవ్వకపోయినా నేను వేలెత్తి చూపించను. అలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారన్నది వేరే విషయం. కానీ "అంతా నా కష్టమే" అన్న మాట దగ్గర మాత్రం మీతో పేచీ ఉంది, ఎందుకంటే ఆ మాట బాగా పైకొచ్చిన వ్యాపారులే ఒప్పుకోలేదు. ఫలానా దేశంలో ఫలానా కాలంలో పుట్టడం అనే లాటరీ తనకి తగిలిందని అమెరికా పెట్టుబడిదారు వారెన్ బఫెట్ ఎన్నోసార్లు చెప్పాడు. ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ అయితే 1889లోనే ఒక వ్యాసం రాసి, ధనవంతుడు తన మిగులు డబ్బుకి ధర్మకర్త మాత్రమేనని, దాన్నంతా పెట్టుకుని చచ్చిపోవడం సిగ్గుచేటని తేల్చేశాడు. పోయినవాళ్ళ ఆస్తుల మీద ప్రభుత్వం గట్టిగా పన్ను వేయాలని కూడా అదే వ్యాసంలో ఉంది, ఈ రెండో సంగతి ఎందుకో ఆయన్ని పొగిడే సభల్లో ఎవరూ ఎత్తరు.

ప్రశ్న: మీరు గత సంచికలో కార్నెగీని మెచ్చుకున్నారు. తన కార్మికులని ఆయన ఏం చేశాడో రాయలేదేం? (రిటైరైన టీచరుగారు)

రాయాల్సిందే అమ్మా. 1892లో పెన్సిల్వేనియాలోని హోమ్‌స్టెడ్‌లో ఉన్న ఆయన ఉక్కు కర్మాగారంలో జీతాలు తగ్గిస్తామన్నారు, యూనియన్ ఒప్పుకోలేదు, మేనేజ్‌మెంట్ లాకౌట్ ప్రకటించింది. వ్యవహారం చూస్తున్న హెన్రీ ఫ్రిక్ దాదాపు 300 మంది ప్రైవేటు కాపలావాళ్ళని రాత్రికి రాత్రి పడవల్లో దింపబోయాడు, తెల్లారేసరికి కాల్పులు, రెండు వైపులా ప్రాణాలు పోయాయి. తర్వాత రాష్ట్ర ప్రభుత్వ సైనిక దళం దిగింది, యూనియన్ విరిగిపోయింది, జీతాలు తగ్గాయి, పన్నెండు గంటల షిఫ్టులు మామూలైపోయాయి. ఆ సమయానికి కార్నెగీ స్కాట్లాండ్‌లో ఉన్నాడు, అక్కడి నుంచే ఫ్రిక్‌ని సమర్థించాడు. 1898లో అదే హోమ్‌స్టెడ్‌కి లైబ్రరీ కట్టించాడు. పన్నెండు గంటలు కొలిమి ముందు నిలబడి వచ్చినవాడు ఏ పుస్తకం తెరుస్తాడు చెప్పండి!

అలాగని ఆ లైబ్రరీలు ఉత్తవని అనలేను. ప్రపంచమంతా కలిపి 2,509 కట్టించాడు, అదీ ఊరికే కాదు, స్థలం ఊరివాళ్ళే ఇవ్వాలి, ఏటా కట్టడం ఖర్చులో పదో వంతు నిర్వహణకి పన్నుల్లోంచి కేటాయిస్తామని మాటివ్వాలి. దాత పోయాక కూడా లైబ్రరీ తలుపులు తెరిచే ఉండాలంటే ఇంతకన్నా మంచి ఏర్పాటు నాకు తోచదు. వాటిల్లో చదువుకుని బాగుపడ్డవాళ్ళ మేలు నిజం, హోమ్‌స్టెడ్‌లో పోయిన ప్రాణాలూ నిజం. ఒకరికి ఇవ్వాల్సిన బాకీని ఇంకొకరి ఖాతాలో జమ చేసి చెల్లు వేయకూడదు, నేననేది అంతే.

ఈ కాలంలో అయితే శాక్లర్ కుటుంబం ఉంది. వాళ్ళ పర్డ్యూ ఫార్మా కంపెనీ అలవాటుపడే ప్రమాదమున్న నొప్పి మాత్రలని ఎలా అమ్మిందో అమెరికా కోర్టుల్లో బయటపడింది, కంపెనీ నేరం ఒప్పుకుంది కూడా. అన్నాళ్ళూ ఆ ఇంటిపేరు పెద్ద పెద్ద మ్యూజియంల గోడల మీద మెరిసింది. 2019లో పారిస్‌లోని లూవ్ర్, 2021లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం ఆ పేరు తీసేశాయి. తీసేసినందుకు మ్యూజియంలని మెచ్చుకోవాలి గానీ, అన్నాళ్ళూ ఆ డబ్బు ఎక్కడిదని అడగకుండా ఎలా తీసుకున్నారో వాళ్ళని కూడా అడగాలి.

ప్రశ్న: మా కంపెనీ సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) పేరుతో ఆదివారాలు కూడా మమ్మల్ని పిలిచి మొక్కలు నాటిస్తుంది. ఫొటోల్లో ఎండీగారు "దాత". ఇది దానమేనా సార్? (ఒక ఉద్యోగి)

మీ ఆదివారం మీరిచ్చారు కాబట్టి దాతలు మీరే! సీరియస్‌గా చెప్పాలంటే, భారతదేశంలో 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువో, 1,000 కోట్ల టర్నోవరో, 5 కోట్ల నికర లాభమో దాటిన కంపెనీ గత మూడేళ్ళ సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక పనులకి ఖర్చుపెట్టాలి. ఇది 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఆ డబ్బు కంపెనీది, అంటే వాటాదారులందరిదీ. చట్టం పెట్టమన్న ఖర్చుని, పదిమంది డబ్బుతో పెట్టి, ఒకాయన శాలువా కప్పించుకుంటే అది అత్త సొమ్ము అల్లుడు ధారపోసినట్టే. ఆయన తన సొంత వాటాలోంచి, సొంత జీతంలోంచి తీసిస్తే అప్పుడు దాత అందాం. ఇంకో సంగతి, కేవలం సొంత ఉద్యోగుల కోసం చేసే ఖర్చు సీఎస్ఆర్ లెక్కలోకి రాదు, పార్టీలకిచ్చే చందాలూ రావు. కాబట్టి మీ క్యాంటీన్‌కి కొత్త ఫ్యాన్లు పెట్టించి అది కూడా సేవే అంటే నమ్మకండి.

ప్రశ్న: సగం ఆస్తి ఇచ్చేస్తామని కోటీశ్వరులు ప్రకటిస్తారు, ఐనా వాళ్ళ ఆస్తి పెరుగుతూనే ఉంటుంది. ఏమిటీ మాయ?

మాయేం లేదు, మూడు సంగతులున్నాయి. 2010లో బిల్ గేట్స్, మెలిండా, బఫెట్ మొదలుపెట్టిన గివింగ్ ప్లెడ్జ్‌లో మాట ఇచ్చినవాళ్ళు బతికుండగానో, వీలునామాలోనో సగానికి పైగా ఇవ్వాలి. అది నైతికమైన మాటే, కోర్టుకి లాగే ఒప్పందం కాదు. రెండోది, షేర్ల విలువ పెరిగే వేగం ఇచ్చే వేగం కన్నా ఎక్కువ ఉంటే ఇచ్చినా తరగదు. మూడోదే నాకు ముఖ్యం: "ఇచ్చాను" అన్న డబ్బు చాలాసార్లు ఇంకా దాత చేతికి అందేంత దూరంలోనే ఉంటుంది. అమెరికాలో సొంత ఫౌండేషన్ పెట్టి డబ్బు అందులో వేస్తే పన్ను రాయితీ అప్పుడే వచ్చేస్తుంది, ఫౌండేషన్ మాత్రం ఏటా ఆస్తిలో సుమారు 5 శాతం పంచితే చాలు. డోనర్ అడ్వైజ్డ్ ఫండ్ అని, దాత చెప్పిన చోటికి డబ్బు పంచే నిధి ఇంకో రకం ఉంది, దాంట్లో ఈ ఏడాది ఇంత పంచాలన్న నిబంధన కూడా లేదు. రాయితీ అంటే ఖజానాకి రావాల్సిన డబ్బు, అంటే ఆ విరాళంలో కొంత భాగం మామూలు జనానిది. మరి దాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలో ఒక్క కుటుంబమే డ్రాయింగ్ రూములో కూర్చుని ఎందుకు తేల్చాలి?

అందుకే ఎంతిచ్చాడు అన్నదాని కన్నా ఎంత వదులుకున్నాడు అన్నది చూస్తాను. అజీమ్ ప్రేమ్‌జీ విప్రోలో తన వాటాల మీద వచ్చే ఆదాయాన్ని విడతలవారీగా ఫౌండేషన్‌కి రాసిచ్చేశాడు, 2019 నాటికి అది కంపెనీలో 67 శాతం వాటాకి సమానమైంది, మొత్తం 1,45,000 కోట్ల రూపాయల విలువ అన్నారు. అమెజాన్ అధిపతి జెఫ్ బెజోస్ మాజీ భార్య మెకెంజీ స్కాట్ స్వచ్ఛంద సంస్థలకి ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చి, ఎలా వాడుకోవాలో మీరే చూసుకోండి అంటుంది. ఫలితాల పేరుతో నెలనెలా రిపోర్టులు రాయించుకుని, ఆ రిపోర్టులు రాయడానికే మనిషిని పెట్టుకోవాల్సిన పరిస్థితి తెచ్చే దాతలతో విసిగిన స్వచ్ఛంద సంస్థలవాళ్ళకి ఆ మాట విలువ తెలుస్తుంది.

ప్రశ్న: గుప్తదానం గొప్పదా, నలుగురికీ చెప్పి ఇవ్వడమా?

డ్యూటీ ఫ్రీ షాపుల వ్యాపారి చక్ ఫీనీ 1984లోనే తన వాటా దాదాపు మొత్తం ఫౌండేషన్‌కి రహస్యంగా రాసిచ్చేశాడు, 1997 దాకా లోకానికి తెలియదు. 800 కోట్ల డాలర్లకి పైగా పంచేసి 2020లో ఆ ఫౌండేషన్‌నే మూసేసి, అద్దె ఇంట్లో హాయిగా బతికాడు. అయితే ఆయన కథ బయటికొచ్చాకే గేట్స్, బఫెట్ లాంటివాళ్ళు ఆయన్ని ఆదర్శం అన్నారు. చెప్పినా పరవాలేదు లెండి, తీసుకున్నవాడి ఫొటో మాత్రం వేయకండి.

ప్రశ్న: నేను చిన్న పరిశ్రమ నడుపుతున్నాను, అరవై మంది పనివాళ్ళు. ఈ ఏడాది లాభం బాగుంది, ఒక ట్రస్టు పెట్టి పేద పిల్లల్ని చదివిద్దామని ఉంది. మాకు సరుకిచ్చేవాళ్ళకి పాత బకాయిలున్నాయి, నెమ్మదిగా తీరుస్తున్నాను. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

బకాయిల దగ్గర. నెమ్మదిగా కాదు, ఈ నెలే. మీకు సరుకిచ్చిన చిన్నవాడు మీ చెక్కు కోసం ఎదురుచూస్తూ వడ్డీకి అప్పు తెచ్చుకుని ఉంటాడు, అంటే మీ లాభంలో కొంత వాడి వడ్డీయే. తర్వాత పనివాళ్ళ పీఎఫ్, ఓవర్‌టైమ్ లెక్కలు ఒకసారి బయటి ఆడిటర్‌తో చూపించండి, మీ అకౌంటెంటుతో కాదు. ఆ అరవై మంది పిల్లల్లో ఎవరైనా ఫీజు కట్టలేక చదువు మానేసే పరిస్థితిలో ఉన్నారేమో కనుక్కోండి. ఇదంతా అయ్యాక కూడా డబ్బు మిగిలితే ట్రస్టు గురించి తొందరపడకండి, దానికి రిజిస్ట్రేషన్, ఆడిట్, ఏటా రిటర్న్‌లు, పెద్ద తలనొప్పి. ఇప్పటికే బాగా నడుస్తున్న ప్రభుత్వ బడి కమిటీనో, సంస్థనో వెతికి, మూడేళ్ళపాటు ఏటా ఇంత అని మాటిచ్చి, వాళ్ళ చేతిలో పెట్టండి. మీ పేరు బోర్డు మీద వేయాలా అని వాళ్ళే అడుగుతారు, వద్దనండి.