900 మంచి రేటింగులున్న అమ్మకందారు సగం ధరకే ల్యాప్‌టాప్ ఇస్తానంటే నమ్మొచ్చా?

పదేళ్ల ఖాతా, అన్నీ మంచి రేటింగులే, ధర సగమే, కానీ డబ్బు మాత్రం సైటు బయట వైర్ ట్రాన్స్‌ఫర్ (నేరుగా అతని ఖాతాకు డబ్బు పంపడం) చేయమంటున్నాడు, పంపొచ్చా అని అడిగారు. దయచేసి పంపకండి. రేటింగులు నిజమైనవే అయ్యుంటాయి. వాటిని సంపాదించుకున్న మనిషే ఇప్పుడు మీతో మాట్లాడుతున్నాడని మాత్రం అనుకోవద్దు.

2004లో డాలస్‌లో ఎం.ఎస్. చదువుతూ నేను ఇలాగే 650 డాలర్లు పోగొట్టుకున్నాను. క్యాంపస్ ఉద్యోగంలో రెండు నెలలు కూడబెట్టిన డబ్బు. ఒక పెద్ద వేలం సైటులో ల్యాప్‌టాప్ కనిపించింది. అమ్మకందారుకు ఒక్క చెడ్డ రేటింగూ లేదు. వేలం ఒక్కరోజే. ‘పాడేముందు మెయిల్ చేయండి’ అని ఫోటో మీదే అడ్రసు రాసి ఉంది. అక్షరాల్లో రాస్తే సైటు వాళ్లు పట్టుకుంటారని అలా ఫోటోలో పెడతారని తర్వాత తెలిసింది. ఖాతా అమెరికాలోని ఒహాయోది, డబ్బు పంపమన్నది రొమేనియాకు. పని మీద అక్కడికి వచ్చానన్నాడు, నమ్మేశాను.

పది రోజులు ఎదురుచూశాక ఆ ఖాతా పాత అమ్మకాలు చూశాను. ఊలు ఉండలు, పింగాణీ కప్పులు, పసిపిల్లల గౌన్లు. ఆ తర్వాత ఆరు నెలలు ఏమీ లేదు. ఉన్నట్టుండి ఒకేరోజు నలభై ల్యాప్‌టాప్‌లు! డబ్బు పంపకముందు ఆ పేజీ తెరిచి ఉంటే రెండు నిమిషాల్లో అర్థమైపోయేది. మీరు ముందుగా చూడాల్సింది అదే.

కోపంలో ఆ ఖాతాకు ఘాటుగా మెయిల్ రాశాను. నాలుగు రోజులకు జవాబొచ్చింది, అసలు యజమానురాలి నుంచి. రిటైరైన టీచరు. ‘మీ ఖాతా ఆపేస్తున్నాం, వివరాలు సరిచూసుకోండి’ అని సైటు పేరుతో వచ్చిన మెయిల్‌లోని లింకు నొక్కి పాస్‌వర్డ్ కొట్టారట. అంతే, ఖాతా చేజారింది. ముక్కూముఖం తెలియనివాళ్లు రోజూ తిడుతుంటే ఆమెకు నిద్ర పట్టడం లేదట. నేనూ తిట్టినవాళ్లలో ఒకడినని ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మీరూ అమ్మకాలు చేస్తుంటే, మెయిల్‌కూ సైటుకూ వేర్వేరు పాస్‌వర్డులు పెట్టుకోండి, రెండంచెల లాగిన్ (పాస్‌వర్డుతో పాటు ఫోనుకొచ్చే కోడ్ లాంటిది కూడా అడిగేది) ఆన్ చేయండి. ఖాతా పోతే ముందు మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి. దొంగ మీ మెయిల్‌లో ఉన్నంతకాలం సైటు పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా మళ్లీ పట్టుకుపోతాడు. మెయిళ్లు వేరే అడ్రసుకు ఫార్వర్డ్ అయ్యేలా సెట్టింగు పెట్టాడేమో కూడా చూడండి.

ఇప్పటికే కొంత పంపేసి ఉంటే, రేపటిదాకా ఆగకుండా బ్యాంకుకు ఫోన్ చేయండి. ఇండియాలో అయితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా. వైర్‌లో వెళ్లిన డబ్బు అవతలివాడు తీసేసుకుంటే వెనక్కి రావడం చాలా కష్టం. కార్డుతో కట్టి ఉంటే కనీసం అభ్యంతరం చెప్పే దారి ఉంటుంది.

ఆ లిస్టింగును ఇవాళే సైటుకు రిపోర్ట్ చేయండి. అసలు యజమానికి ఈపాటికి విషయం తెలిసే ఉంటుందనుకోవద్దు.